దారిలో ఆగిన ప్రభువు

"మమ్మల్నెవరు పట్టించుకుంటారండీ అయ్యగారూ!" కృష్ణా డెల్టా సంఘాల్లో కాపరులకు ఈ మాట కొత్తది కాదు. ఎక్కువగా నలభై అయిదు, అరవై మధ్య వయసున్న స్త్రీల నోట వినబడుతుంది. విశేషమేమంటే ఈ మాటను వాళ్ళు ఏడుస్తూ చెప్పరు, నవ్వుతూ చెబుతారు. ఆరాధన అయ్యాక చాపలు చుడుతూనో, ప్రేమవిందు గిన్నెలు సర్దుతూనో అనేసి మళ్ళీ పనిలో పడిపోతారు. వాళ్ళు నవ్వుతూ అన్నారు గనుక విన్నవాళ్ళూ నవ్వేసి వెళ్ళిపోతారు. ఆ నవ్వు వెనక ఏముందో అడిగే తీరిక ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఎవరికుంటుంది?

మన సంఘ జీవితాన్ని ఒకసారి చూడండి. పిల్లలకు సండేస్కూలు ఉంది, వేసవి సెలవుల్లో వీబీఎస్ ఉంది. యవ్వనస్థులకు ప్రత్యేక కూటాలున్నాయి, వాళ్ళ కోసం కొన్న కీబోర్డు, డ్రమ్స్ ఉన్నాయి. మంచం పట్టిన వృద్ధులకు ఇంటికి వెళ్ళి ప్రభువు బల్ల ఇచ్చి వస్తాం. మరి ఈ మధ్యవయసు స్త్రీలకు ఏముంది? స్త్రీల మైత్రి ఉందిగా అంటారు. ఉంది. కాని చాలాచోట్ల స్త్రీల మైత్రి అంటే వంట, అలంకరణ, చందాల వసూలు కలిపి ఒకటే శాఖ. అక్కడ వాళ్ళు ఏం చేయాలో చెప్పేవారున్నారు గాని, వాళ్ళెలా ఉన్నారో అడిగేవారు తక్కువ.

పటమటలోనో, మొగల్రాజపురంలోనో మూడు గదుల అపార్టుమెంటులో ఉన్న ఒక తల్లిని ఊహించుకోండి. ఇరవై అయిదేళ్ళపాటు ఆమె దినచర్య పిల్లల గడియారంతో నడిచింది. క్యారేజీలు, ట్యూషన్లు, ఇంటర్‌లో రాత్రి రెండింటిదాకా చదివే కొడుక్కి కాఫీ. ఇప్పుడు కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో. బియ్యం డబ్బాలో గిద్దె రెండుసార్లు ముంచితే చాలు, పూట గడిచిపోతుంది. ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడి లెక్కల్లో, ఫోనులో ఉంటారు. వారానికోసారి వీడియోకాల్ వస్తుంది. "తిన్నావా అమ్మా" అని అడిగి, ఆమె జవాబు పూర్తికాకముందే పిల్లవాడు మనవణ్ణి చూపిస్తాడు. మనవడు అందంగా ఉంటాడు, అందులో సందేహం లేదు. ఫోను పెట్టేశాక ఇంట్లో ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది.

అక్కడినుంచి బందరు కాలువ గట్టు వెంట ఇరవై ముప్ఫై కిలోమీటర్లు దిగువకు వెళితే, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు ప్రాంతాల పల్లెల్లో ఇంకో తల్లి కనబడుతుంది. ఆమెకు ఖాళీ ఇల్లు సమస్య కాదు, ఒక్క గదిలో ఆరుగురు ఉంటారు. పదిహేనేళ్ళ వయసు నుంచి వంగి నాట్లు వేసిన నడుము అది. ఇప్పుడు చాలా పొలాల్లో నాట్లు పోయి వెదజల్లడం వచ్చింది, కోతకు యంత్రం వచ్చింది. పనికి పిలిచేటప్పుడు మేస్త్రి కుర్రవాళ్ళనే చూస్తాడు. ఊరంతటికీ అన్నం పెట్టిన చేతులకు ఇప్పుడు నెలలో సగం రోజులు పని లేదు. "నాట్లకు నేను ముందుంటే వరస తప్పేది కాదు" అని ఆమె చెబుతుంటే కోడలు వినీ విననట్టు ఊరుకుంటుంది.

వీరితో మూడో స్త్రీని కూడా కలపాలి. ఆమె పెళ్ళి చేసుకోని టీచరమ్మో, నర్సమ్మో కావచ్చు. తమ్ముళ్ళను చదివించింది, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసింది. ఇప్పుడు పండుగకు ఎవరింటికి వెళ్ళాలో ఆమెకు తోచదు. సంఘంలో కుటుంబ కూడిక జరిగితే ఏ బెంచీలో కూర్చోవాలో తెలియదు. మన ప్రసంగాల్లో భార్యకు, తల్లికి ఉపదేశం దొరుకుతుంది. ఆమెకు దొరకదు.

ఈ ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్న విషయం ఒకటుంది. మన ప్రసంగపీఠాలు దాన్ని పేరెత్తి పలకవు. నెలసరి ఆగిపోయే వయసది. ఒంట్లో ఆవిర్లు, నిద్రపట్టని రాత్రులు, కారణం తెలియని కన్నీళ్ళు, చిన్నమాటకే కోపం వస్తాయి. అది పాపమూ కాదు, దురాత్మ పనీ కాదు, విశ్వాసం సన్నగిల్లడమూ కాదు. దేవుడు చేసిన శరీరం ఒక దశనుంచి మరో దశకు మారుతోంది, అంతే. ఇది చెప్పేవారు లేక ఎంతమంది సహోదరీలు తమ ప్రార్థనాజీవితం చెడిపోయిందని బాధపడుతున్నారో! అవసరమైతే మంచి డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళండి. లూకా కూడా వైద్యుడేనని మరచిపోవద్దు.

మన రాష్ట్రంలో ఈ సంగతి మరీ బరువైనది. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద సుమారు 3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం తేలారు. దేశంలో అన్ని రాష్ట్రాలకంటే ఇదే ఎక్కువ. 2019-21 సర్వేలోనూ మన స్థానం పెద్దగా మారలేదు. వీరిలో చాలామందికి ఆపరేషను నలభై నిండకముందే అయిపోయింది. పల్లెల్లో కడుపునొప్పి అంటే, తెల్లబట్ట అంటే, "ఎందుకమ్మా పిల్లలు పుట్టేశారుగా, తీయించేయ్" అనే సలహా సులభంగా దొరుకుతుంది. అప్పుచేసి తీయించుకుంటారు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజునుంచే ముట్లుడిగినట్టు లెక్క. ముప్ఫై ఆరేళ్ళకే మధ్యవయసు వచ్చి పడుతుంది. ఎముకలు బలహీనపడతాయి, మనసు కుంగుతుంది. పిల్లలు పుట్టేశారు గనుక ఇక ఆ శరీరంతో ఎవరికీ పనిలేదన్నట్టుంది ఆ సలహా! ఇదీ చూపుకు ఆనకుండా పోవడంలో ఒక భాగమే.

ఇదంతా చదువుతుంటే మార్కు సువార్త అయిదో అధ్యాయం మీకు ఈపాటికే గుర్తొచ్చి ఉంటుంది. పన్నెండేళ్ళుగా రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథ అది. అనేక వైద్యుల చేతుల్లో ఎన్నో తిప్పలు పడిందనీ, తనకున్నదంతా ఖర్చుపెట్టుకుందనీ, అయినా మేలు కలగకపోగా ఇంకా ముదిరిందనీ మార్కు రాస్తాడు. ఆ వాక్యం చదివినప్పుడల్లా ఆస్పత్రి బిల్లులు కొంగున కట్టుకుని తిరిగే మన తల్లులు కళ్ళముందు కనబడతారు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం ఆమె అపవిత్రురాలు. ఎవరినీ ముట్టకూడదు, ఆమె కూర్చున్న చోట ఎవరూ కూర్చోకూడదు. పన్నెండేళ్ళు ఎవరూ చెయ్యి పట్టుకోకుండా గడిపిన మనిషి ఆమె!

ఆ రోజు ప్రభువు చాలా ముఖ్యమైన పనిమీద వెళ్తున్నాడు. సమాజమందిరపు అధికారి యాయీరు కుమార్తె చావుబతుకుల్లో ఉంది. ఆమె వయసు పన్నెండేళ్ళు. ఆ పిల్ల పుట్టిన ఏడాదే ఈ స్త్రీ జబ్బు మొదలైంది. పేరున్న తండ్రి, లేత వయసు పిల్ల, ఊరంతా కదిలిన గుంపు... ఇవన్నీ ఒకవైపు. వెనకనుంచి వచ్చి వస్త్రపు చెంగు తాకి ఎవరికీ తెలియకుండా వెళ్ళిపోదామనుకున్న స్త్రీ మరోవైపు. ఆమె కోరుకున్నది కూడా అంతే. తనను ఎవరూ చూడకూడదు, కాని బాగుపడాలి. చాలామంది మన సహోదరీల ప్రార్థన ఇలాగే ఉంటుంది. తమకోసం ఏదైనా అడగాలంటే వెనకనుంచే అడుగుతారు.

ఆమె అనుకున్నట్టే బాగుపడింది. కథ అక్కడితో అయిపోవచ్చు. కాని ప్రభువు ఆగాడు. నన్ను ముట్టింది ఎవరని అడిగాడు. ఇంత గుంపు మీద పడుతుంటే ఇదేం ప్రశ్న అన్నారు శిష్యులు. లెక్కప్రకారం వాళ్ళు చెప్పింది నిజమే. కాని ఆయన ఆమెను చూడాలని చుట్టూ కలియజూశాడు. ఆమె వణుకుతూ వచ్చి జరిగిందంతా చెప్పింది. పన్నెండేళ్ళ కథ ఎంతసేపు పట్టి ఉంటుంది? యాయీరు మనసు ఎంత కొట్టుకుని ఉంటుంది? ప్రభువు ఆమెతో ఇంకా మాట్లాడుతుండగానే ఆ పిల్ల చనిపోయిందన్న కబురు వచ్చింది. అంటే ప్రభువు ఆగినందుకు ఆ దారిలో పెద్ద మూల్యమే చెల్లించవలసి వచ్చినట్టు కనబడింది. అయినా ఆయన ఆమెను తొందరపెట్టలేదు. ఆమెను "కుమారీ" అని పిలిచాడు. సువార్తల్లో ప్రభువు ఒక స్త్రీని ముఖాముఖిగా ఇలా పిలిచింది ఈ ఒక్కచోటే. యాయీరు కుమార్తె కోసం బయలుదేరిన ప్రభువు దారిలో తన కుమార్తెను కలుసుకున్నాడు. ఆ తరువాత ఆ చిన్నపిల్లా లేచింది. పెద్దావిడను చూసినందువల్ల చిన్నదానికి ఏ లోటూ జరగలేదు.

స్వస్థత ఆమెకు చెంగు తాకినప్పుడే దొరికింది గదా, మరి ఆగడం దేనికి? మాకు తోచిన జవాబు ఒకటే. బాగుపడడం వేరు, ఎవరైనా మనల్ని చూడడం వేరు. ప్రభువు ఆమెకు రెండోది కూడా కావాలనుకున్నాడు.

ఇక్కడ మన సంఘాలకు ఒక మాట చెప్పవలసి ఉంది. ఎవరైనా ఒక సహోదరి తన గోడు చెప్పుకుంటే, "అమ్మా, మనుషులు చూడకపోయినా దేవుడు చూస్తున్నాడు" అని ఓదార్చడం మనకు అలవాటు. సత్యమే. అరణ్యంలో నీటిబుగ్గ దగ్గర హాగరు కనుగొన్న సత్యమది (ఆదికాండము 16). ఆ అధ్యాయాన్ని నిదానంగా చదివితే ఒక సంగతి గమనిస్తాం. శారయి గాని, అబ్రాము గాని ఆమెను పేరుపెట్టి పిలవరు. నా దాసి, నీ దాసి అంటారు. హాగరూ అని మొదట పేరుపెట్టి పిలిచింది దేవుని దూత. ఎక్కడినుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగింది కూడా ఆయనే. అందుకు బదులుగా ఆమె దేవునికే ఒక పేరు పెట్టింది, చూసే దేవుడని. గ్రంథంలో దేవునికి పేరు పెట్టిన మొదటి మనిషి ఒక పనిమనిషి, అందునా పరదేశి!

కాని ఈ సత్యాన్ని సంఘం తన పని తప్పించుకోవడానికి వాడుకోకూడదు. ఆకలిగా ఉన్నవాడితో, చలికాచుకో తృప్తిపొందు అని చెప్పి పంపేస్తే ఏం లాభమని యాకోబు అడుగుతాడు (యాకోబు 2:16). పట్టించుకోని ఇంట్లో, పట్టించుకోని సంఘంలో ఉన్న స్త్రీతో దేవుడు చూస్తున్నాడులే అని చెప్పి పంపేయడం అలాంటిదే. దేవుని చూపు ఆమెకు చేరవలసింది క్రీస్తు శరీరమైన సంఘం కళ్ళలోంచే గదా!

పామర్రు వైపు ఒక పల్లెలో జరిగిన సంగతి చెబుతాం. ఆ సంఘంలో ఒక తల్లి ప్రభువునందు నిద్రించింది. భూస్థాపన క్రమంలో పేరు చెప్పవలసిన చోటు వస్తుంది. ఆమె పేరేమిటని అడిగితే చుట్టూ ఉన్నవారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరికీ ఆమె పెద్దక్కే. కొడుకులకు అమ్మ, మనవలకు నానమ్మ, సంఘం రిజిస్టరులో భర్త పేరు రాసి పక్కన "భార్య" అని ఉంది. చివరకు ఎవరో ఇంట్లోకి పరుగెత్తి ఆధార్ కార్డు తెచ్చారు. ముప్ఫై ఏళ్ళపాటు ఆ మందిరం ఊడ్చి ముగ్గుపెట్టిన మనిషి పేరు ఆ రోజు ఆ సంఘం ప్లాస్టిక్ కార్డు మీద చదివి తెలుసుకుంది. ఎవరూ ఆమెను ద్వేషించలేదు. అందరికీ ఆమె అంటే ప్రేమే. ప్రేమించేవాళ్ళ మధ్య కూడా మనిషి పేరు పోగొట్టుకోవచ్చు!

రోమా పత్రిక పదహారో అధ్యాయాన్ని చాలామంది పేర్ల జాబితా అని దాటేస్తారు. దాటకండి. అందులో పౌలు పదిమంది స్త్రీలను తలుచుకుంటాడు. పత్రిక పట్టుకెళ్ళిన ఫీబే, తనతో కలిసి పనిచేసిన ప్రిస్కిల్ల, చాలా ప్రయాసపడ్డ మరియ, పెర్సిసు... ఒక్కొక్కరి పని ఏమిటో కూడా రాస్తాడు. రూఫు తల్లి పేరు మాత్రం రాయలేదు గాని, ఆమె తనకూ తల్లేనని చెప్పుకుంటాడు. పెద్ద కొడుకున్న ఆ తల్లి, పెళ్ళిలేక ఊరూరు తిరిగే ఈ బోధకుడికి ఎప్పుడో ఎక్కడో ఇంత అన్నం పెట్టి, నాలుగు చీవాట్లు కూడా పెట్టి ఉంటుంది. అపొస్తలుడు మరచిపోలేదు.

మన చరిత్రలో ఇంత శ్రద్ధ కనబడదు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో అడుగుపెట్టారని మనకు తెలుసు. 1859లో బెజవాడలో డార్లింగ్ దొరను కలుసుకొని ప్రభువును నమ్ముకున్న రాఘవాపురం పగోలు వెంకయ్య పేరు వేదపాఠశాలల్లో చెబుతారు. మరి ఆ తరువాతి దశాబ్దాల్లో మన పల్లెలు తిరిగిన బైబిల్ స్త్రీల సంగతి? వారిలో చాలామంది వితంతువులు, పిల్లలు ఎదిగినవారు, అంటే ఇవాళ మనం మాట్లాడుకుంటున్న వయసువారే. దొరలు గాని మగ బోధకులు గాని గడప దాటలేని ఇళ్ళలోకి వీళ్ళు వెళ్ళారు. ఘోషా ఇళ్ళలో అక్షరాలు నేర్పారు, మాలపల్లెల్లో మాదిగపల్లెల్లో పాటలు నేర్పారు, పురుడు దగ్గర కూర్చున్నారు, కలరా ఊళ్ళలో ప్రార్థించారు. మిషను నివేదికల పట్టికల్లో వారు ఎక్కువగా ఒక అంకె. ఇంతమంది బైబిల్ స్త్రీలు అని మాత్రం ఉంటుంది. ఈ తెలుగు బైబిల్ స్త్రీల మీద జేమ్స్ ఎలీషా తానేటి పరిశోధన చేసి 2013లో ఆంగ్లంలో గ్రంథం వెలువరించారు. దళిత స్త్రీలకు తమ గ్రామ సంప్రదాయాల్లో ముందునుంచే ఉన్న నాయకత్వం ఈ పరిచర్యకు ఆధారమైందని ఆయన చూపించారు. అంటే నడిపించడం వాళ్ళకు ఎవరో పెట్టిన భిక్ష కాదు. దోర్నకల్‌లో 1912లో బిషప్ అయిన అజరయ్యగారి ఇంట కూడా ఇదే జరిగింది. ఆయన భార్య అంబు మరియమ్మగారు గ్రామ బోధకుల భార్యలకు చదువు చెప్పారు. భర్తతోపాటు భార్యకూ శిక్షణ ఇచ్చి పల్లెకు పంపడం ఆ పాఠశాల పద్ధతి.

వంద సంవత్సరాల క్రితం ఉన్న ఆ పద్ధతి ఇప్పుడెక్కడికి పోయింది? మంగళవారం డ్వాక్రా సంఘం లీడరుగా బ్యాంకుకు వెళ్ళి లక్షల రూపాయల అప్పుకు సంతకం పెట్టి, పదిమంది వాయిదాలు పైసాతో సహా లెక్కచెప్పే సహోదరి, ఆదివారం సంఘంలో కానుకలు లెక్కపెట్టే బల్ల దగ్గరకు రాకూడదు. మన రాష్ట్రంలో 2013 నుంచి పంచాయతీ స్థానాల్లో సగం స్త్రీలవే. ఊరికి సర్పంచి కాగలిగిన మనిషి సంఘ కమిటీలో టీ అందించే మనిషిగా మిగిలిపోవడం మాకు వింతగా తోస్తుంది. అన్ని సంఘాలూ ఇలా లేవు, కొన్ని చాలా బాగున్నాయి. లేనివి ఎక్కువున్నాయి గనుకే రాస్తున్నాం.

వయసు మీరిందనేవారికి రెండు ఉదాహరణలు చెబితే చాలు. ఇంగ్లండులో మేరీ సమ్నర్ అనే పాదిరిగారి భార్య 1876లో, నలభై ఏడేళ్ళ వయసులో, కూతురు తల్లి అయ్యాక, తమ ఊరి తల్లులను తన ఇంటికి పిలిచింది. తొలిరోజు భయంతో మాటరాక, వచ్చే వారం రండమ్మా అని పంపేసింది! వచ్చే వారం మాట్లాడింది. అదే మదర్స్ యూనియన్. అది ప్రపంచమంతా పాకి మన దోర్నకల్ మండలానికి కూడా వచ్చింది. ఇక మన కాలంలో, కర్నూలు జిల్లాలో పుట్టిన పుష్పలలితగారు 2013 సెప్టెంబరులో నంద్యాల బిషప్‌గా అభిషేకం పొందారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆ స్థానానికి వచ్చిన తొలి స్త్రీ ఆమె. అప్పటికి ఆమెకు యాభై ఆరేళ్ళు. అందరూ బిషప్పులు కానక్కర్లేదు, కావాలని మేమూ అనడం లేదు. యాభై ఆరేళ్ళ దగ్గర దేవుడు ఒక మనిషి పుస్తకం మూసేయడని మాత్రం తెలుస్తోంది.

ఇప్పుడు సహోదరీలారా, మీతోనే ఒక మాట.

మీ బాధను బయటకు చెప్పుకోవడం అవిశ్వాసమని ఎవరైనా అంటే నమ్మకండి. బెత్లెహేముకు తిరిగొచ్చిన నయోమిని చూడండి. భర్త పోయాడు, ఇద్దరు కొడుకులు పోయారు, ఇక మళ్ళీ పెళ్ళిచేసుకునే వయసు కూడా దాటిపోయిందని తనే అంది. ఊళ్ళో స్త్రీలు ఈమె నయోమియేనా అని ఆశ్చర్యపోతే, నన్ను ఆ పేరుతో పిలవొద్దు, మారా అనండి, నిండుగా వెళ్ళినదాన్ని దేవుడు వట్టిచేతులతో తీసుకొచ్చాడు అంది (రూతు 1). నాకిలా చేసింది దేవుడే అని దేవుని ప్రజల మధ్య నిలబడి చెప్పింది. ఎవరూ ఆమె నోరు మూయలేదు. పరిశుద్ధాత్మ ఆ మాటలను గ్రంథంలోంచి తీసేయలేదు. కాబట్టి మీరు కూడా చెప్పవచ్చు. దేవునితో చెప్పండి, నమ్మకమైన ఒక్క మనిషితోనైనా చెప్పండి. టీవీలో మీ పేరు పలికినట్టు మాట్లాడి నూనె సీసా అమ్మేవారితో మాత్రం వద్దు. వాళ్ళకు కనబడేది మీరు కాదు, మీ పర్సు.

అయితే నయోమి వట్టిచేతులతో వచ్చానన్నప్పుడు ఆమె పక్కన ఎవరున్నారు? రూతు ఉంది. సొంత ఊరు, తల్లిదండ్రులు, దేవతలు అన్నీ విడిచి ఈ అత్తను అంటిపెట్టుకుని అంత దూరం నడిచివచ్చిన పిల్ల. ఆ క్షణాన నయోమికి ఆ పిల్ల కనబడలేదు. దుఃఖం అలాంటిది. తనను ఎవరూ చూడడం లేదని కుమిలేవారికి పక్కనున్నవారు కనబడకుండా పోతారు. ఆమెను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. మీ పక్కన కూడా ఎవరో ఉండి ఉంటారని చెబుతున్నాం. పెళ్ళయి ఆరు నెలలైనా ఈ ఊరికి అలవాటుపడని కోడలు కావచ్చు, హాస్టల్లో ఉండి ఆదివారం మాత్రం మందిరానికి వచ్చే నర్సింగ్ విద్యార్థిని కావచ్చు, ఎదురు ఫ్లాట్లో మీలాగే వీడియోకాల్ కోసం ఎదురుచూసే ఇంకో తల్లి కావచ్చు.

కోతకాలంలో పరిగె ఏరి ఆ కోడలే అత్తకు అన్నం పెట్టింది. పరిగె ఏరడం డెల్టావారికి వేరే చెప్పాలా? కోసిన చేలో రాలిన కంకులు ఒక్కొక్కటీ ఏరుకుంటే గాని సాయంత్రానికి చాటెడు గింజలు కావు. నయోమి జీవితం కూడా అలాగే తిరిగి పోగైంది. మొదట ఒక పూట గింజలు వచ్చాయి, తరువాత ఒక మంచి కబురు, తరువాత కోడలికి పెళ్ళి. పోయిన కొడుకులు తిరిగి రాలేదు. కాని పిల్లవాడు పుట్టినప్పుడు ఊరి స్త్రీలే వచ్చి నయోమికి కొడుకు పుట్టాడన్నారు, వాడికి ఓబేదు అని పేరు కూడా వాళ్ళే పెట్టారు. ఏడుగురు కొడుకులకంటె నీ కోడలు మేలు అని చెప్పింది కూడా వాళ్ళే. మొదటి అధ్యాయంలో ఆమెను గుర్తుపట్టలేకపోయిన స్త్రీలు నాలుగో అధ్యాయంలో ఆమె ఒడిలో బిడ్డను చూసి సంతోషిస్తున్నారు. ఆ ఇరుగుపొరుగు లేకపోతే నయోమి తన ఆశీర్వాదాన్ని తానే చూడలేకపోయేదేమో!

మన డెల్టా పల్లె సంఘాల్లో తరతరాలుగా పిడికెడు బియ్యం కానుక ఉంది. అన్నానికి బియ్యం తీసేటప్పుడు గుప్పెడు తీసి వేరే కుండలో వేసి, నెలకు ఒకసారి మందిరానికి తెస్తారు. ఎన్నో మందిరాల గోడలు, ఎందరో బోధకుల జీతాలు ఆ కుండల్లోంచి వచ్చాయి. ఆ గుప్పెడు తీసిన చేతుల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఫలకం మీద ప్రారంభోత్సవం చేసినవారి పేర్లుంటాయి. ఇప్పుడు కొత్త ఫలకాలు చెక్కించమని మేము అడగడం లేదు. సంఘం రిజిస్టరు తెరిచి, "భార్య" అని ఉన్నచోటల్లా ఆమె పేరు రాయించండి. ప్రసంగంలో తల్లులను పొగిడే మదర్స్ డే ఒక్కరోజు చాలదు, వాక్యం చదవడానికి, సాక్ష్యం చెప్పడానికి, లెక్కలు చూడడానికి వాళ్ళను పేరుపెట్టి పిలవండి. ఆపరేషను అయి ఇంట్లో పడుకున్న నలభై ఏళ్ళ సహోదరిని కూడా మంచంపట్టిన వృద్ధులను చూసినట్టే వెళ్ళి చూడండి. పెళ్ళికాని టీచరమ్మను క్రిస్మస్ మధ్యాహ్నం మీ ఇంటి భోజనానికి పిలవండి, వడ్డించడానికి కాదు, కూర్చుని తినడానికి.

వచ్చే స్త్రీల మైత్రి కూడికలో చందాల పద్దు, వంట పద్దు పక్కన పెట్టి, ఒక్కొక్కరు తమ కథ చెప్పుకోవడానికి ఒక గంట కేటాయించి చూడండి. పన్నెండేళ్ళ కథలు ఉంటాయి, ముప్ఫై ఏళ్ళ కథలు ఉంటాయి. తొందరపెట్టవద్దు. ఆ పూట టీ కాచి అందించడానికి సంఘపెద్దలు ఎలాగూ ఉన్నారు.